నాగపూరు స్టీఫెన్ హిస్లాపు దొరగారు – నోవహు నాటి జలప్రవాహము

చదువవలసిన భాగము: ఆదికాండము 6 మొదలు 9 వరకు గల అధ్యాయములు



మన పల్లె సంఘముల పిల్లలు అనేకులు నేడు హైదరాబాదు పడమటి ప్రక్కనున్న గచ్చిబౌలిలో బ్రదుకుచున్నారు. కొందరు కంప్యూటరు కంపెనీలలో ఉద్యోగులు. కొందరు ఆ కంపెనీల గేటు యొద్ద కాపలావారు. కొందరు ఆ మేడలు కట్టు కూలీలు. వారిని చూచి వచ్చిన తలిదండ్రులు మేడల సంగతి చెప్పి ముగించిన తరువాత రాళ్ల సంగతి ఎత్తుదురు. ఏనుగంత బండ మీద ఏనుగంత బండ, దాని మీద మరియొకటి, త్రోసిన పడునేమో అనునట్లు నిలిచియుండును. ఖాజాగూడ గుట్టల మీద అట్టివి ఎన్నో కలవు. 1974లో స్థాపింపబడిన హైదరాబాదు విశ్వవిద్యాలయపు ఆవరణములో పుట్టగొడుగు వలె నిలిచిన బండ యొకటి కలదు. ఇంత బరువును ఎవరు ఎత్తి పెట్టిరి? నోవహు దినముల జలప్రవాహమే వీటిని దొర్లించుకొని వచ్చి ఇక్కడ విడిచిపోయినదని పెద్దలలో కొందరు చెప్పగా నేను చిన్ననాడు విని నమ్మితిని.

ఆ రాళ్ల నీడనే మన ప్రాంతపు యువకుడొకడు నన్ను అడిగిన ప్రశ్న ఈ వ్యాసమునకు కారణము. హిమాలయములు మునుగునంత నీరు లోకమంతటను నిలిచినదనుట చిన్నపిల్లల కథయనియు, అట్టి కథ గల గ్రంథమును ఎట్లు నమ్ముదువనియు అతనితో కలిసి గదిలో ఉండువారు అతనిని ఎగతాళి చేయుచుండిరట. తాను వెళ్లు ప్రార్థన కూటములో ఈ సందేహమును బయటపెట్టగా, భూగోళమంతయు మునుగలేదను వాడు దేవుని వాక్యమును త్రోసివేసినవాడే యని అక్కడి పెద్ద కోపపడెనట. అప్పటినుండి అతడు కూటమునకు వెళ్లుట మానెను. గదిలో నోరు విప్పుటయు మానెను. ఆరు నెలలుగా బైబిలు తెరువలేదని తలవంచుకొని చెప్పెను. నేను వాదన పెట్టుకొనక, నూట అరువది యేండ్ల క్రిందట మరణించిన ఒక మిషనెరీ దొరగారి చరిత్ర అతనికి చెప్పితిని. అదే మీకును వ్రాయుచున్నాను.

అయితే ముందుగా ఈ బండల లెక్క తేల్చవలెను. గచ్చిబౌలి రాయి గ్రానైటు, మనము గట్టిరాయి యనునది. అది భూమి లోతున కరిగియుండి, చల్లారి గడ్డకట్టి సుమారు 250 కోట్ల సంవత్సరములైనదని శాస్త్రజ్ఞుల లెక్క. దానియందు నిలువునను అడ్డముగను పగుళ్లు కలవు. వాననీరు ఆ పగుళ్లలోనికి దిగి, మూలలను అంచులను ముందుగా మెత్తబరచి మొరముగా మార్చును. మొరము త్రవ్వు కూలీలను అడుగుడి. గుంటలో మెత్తని మొరము నడుమ గుండ్రని బండ పూడియుండుట వారు దినదినము చూచుచున్నారు. పైనున్న మొరము వానలకు కొట్టుకొనిపోగా ఆ గుండ్లు బయటపడి, ఎవరో పేర్చినట్లు నిలుచును. పై బండయు క్రింది బండయు ఒకే రాయి. నీరు దొర్లించి తెచ్చిన రాళ్లు అట్లుండవు. గోదావరి ఒడ్డున గులకరాళ్లు చూడుడి, ఎఱ్ఱవి, తెల్లవి, నల్లవి, పది చోట్లనుండి వచ్చినవి కలిసి యుండును. గచ్చిబౌలి బండలు ఎక్కడినుండియు రాలేదు. పుట్టిన చోటనే నిలిచియున్నవి. నా చిన్ననాటి నమ్మకము ఆ విధముగా పోయినది. దానితో పాటు నా విశ్వాసము పోలేదు.

గచ్చిబౌలి విడిచి పడమరగా వికారాబాదు దిక్కునకు వెళ్లుచుండగా ఈ గట్టిరాయి ముగిసి నల్లరాయి ఆరంభమగును. అది అగ్నిపర్వతముల నుండియు భూమి చీలికల నుండియు పొంగిన లావా చల్లారి ఏర్పడినది. పొర మీద పొరగా, మెట్లు మెట్లుగా అది ఒకప్రక్క బొంబాయి వరకును, ఉత్తరమున నాగపూరు వరకును పరచుకొనియున్నది. నేటికిని మిగిలియున్నది సుమారు 5 లక్షల చదరపు కిలోమీటర్లు. ఆ నల్లరాతి పొరల నడుమ అక్కడక్కడ పలుచని సుద్దరాయి పొర యొకటి అగపడును. దానిలో నత్తగుల్లలు రాయియై యున్నవి. కొండ మీద గుల్లలు! ఇంతకంటె జలప్రవాహమునకు సాక్ష్యమేమి కావలెనని తోచును గదా. ఆ గుల్లలను వంగి, ఏరి, భూతద్దముతో చూచినవాడే మన హిస్లాపు దొర.

స్టీఫెన్ హిస్లాపు 1817 సం॥ సెప్టెంబరు 8వ తేదీన స్కాట్లండు దేశమందు డన్స్ అను చిన్న పట్టణమున జన్మించెను. ఎడింబరో, గ్లాస్గో పట్టణములలో చదివెను. ఆయన వేదాంత విద్య ముగియు కాలమున స్కాట్లండు సంఘములో గొప్ప చీలిక కలిగెను. సంఘ కాపరిని సంఘమే పిలుచుకొనవలెను గాని భూస్వాములు నియమింపరాదని చెప్పి, 1843లో 450 మందికి పైగా బోధకులు జీతములను ఇండ్లను విడిచి వెలుపలికి వచ్చి ఫ్రీ చర్చి అను సంఘమును ఏర్పరచుకొనిరి. మనస్సాక్షి కొరకు ఇల్లు విడిచిన ఆ జనులతోనే హిస్లాపు చేరెను.

మదరాసు సైన్యములోని విలియం హిల్ అను అధికారి నాగపూరులో మిషను పెట్టుటకై ధనమిచ్చెను. ఆ పనికి హిస్లాపు తన్ను తాను అప్పగించుకొని, భార్య ఎరాస్మాతో కూడ 1844 డిసెంబరు నెలలో బొంబాయి చేరి, మరుసటి యేడు నాగపూరు ప్రవేశించెను. అప్పుడు నాగపూరు భోంస్లే రాజుల యేలుబడిలో ఉండెను. దాని చెంతనున్న కామ్టీ దండు మదరాసు సైన్యమునకు చెందినది గనుక అక్కడ మన తెలుగువారును, తమిళులును చాలమంది యుండిరి. వారి సంతతి నేటికిని అక్కడ కలదు. హిస్లాపు మరాఠీ నేర్చుకొనెను, 1846లో పాఠశాల తెరచెను. 1847లో రాబర్టు హంటరు అను బోధకుడు ఆయనకు తోడుగా వచ్చెను. ఆ పాఠశాల వేసిన పునాది మీదనే, ఆయన మరణించిన ఇరువది యేండ్లకు, 1883లో హిస్లాపు కళాశాల లేచెను. నాగపూరులో ఆ పేరు నేటికిని అందరికి తెలియును.

ఎండకాలమున పల్లెలకు బోధించుటకు నడిచి వెళ్లునప్పుడు ఆయన కన్ను నేల మీద ఉండెడిది. 1851లో నాగపూరు పడమట ఆ యిద్దరు మిత్రులు నడచుచుండగా నల్లరాతి చెంత రాయియైన గుల్లలు వారికి దొరికెను. తరువాత టాక్లీ అను చోట వెదకగా విత్తనములు, పండ్లు, కొయ్య, పెంకుపురుగుల రెక్కలు సైతము రాతిలో దొరికినవి. ఏరిన వాటిని కట్టి లండనులోని భూగర్భశాస్త్ర సంఘమునకు పంపిరి. నాగపూరు చుట్టుప్రక్కల రాళ్లను గూర్చి ఆ యిద్దరు వ్రాసిన వ్యాసము 1855లో ఆ సంఘపు పత్రికలో అచ్చుపడెను.

ఆ గుల్లలు ఏమని చెప్పినవి? అందులో ముఖ్యమైన ఒక నత్త ఫైసా జాతిది. మన నిర్మలు గుట్టలలోను అటువంటి నత్తగుల్లలే అంతకు పూర్వము మాల్కంసన్ అను వైద్యుడు కనుగొనియుండెను. ఫైసా చెరువులలో, మడుగులలో పాకుచు గాలి పీల్చు మంచినీటి నత్త. సముద్రము దాని మీదికి వచ్చినయెడల అది చచ్చును. భూమండలమంతటను సముద్రములు పొంగి కొండలను కప్పియుండినచో అక్కడ ఉండవలసినవి సముద్రపు గుల్లలు, పగడములు, సొరచేప పండ్లు. వాటికి మారుగా చెరువు నత్తలు, గట్టు మీది చెట్ల విత్తనములు దొరికినవి. గనుక అక్కడ ఒకప్పుడు మంచినీటి కాసారము ఉండెననియు, దాని మీదికి లావా పారి కప్పివేసెననియు హిస్లాపు నిర్ణయించెను. తన వ్యాసములో ఆ గుల్లలకు నోవహు జలప్రవాహమును కారణముగా ఆయన చూపలేదు.

ఆయన చెప్పినదంతయు నిలువలేదని కూడ చెప్పవలెను. గుల్లల పొరకు క్రిందనున్న నల్లరాయి తరువాతి కాలమున క్రిందనుండి దూరినదని ఆయన తలంచెను. అది పొరపాటు. లావా ఒకసారి పారి చల్లారి, దాని మీద వానలు కురిసి మడుగులు నిండి, నత్తలు పుట్టి పెరిగి, చెట్లు మొలిచి, మరల లావా వచ్చి కప్పినదనియు, ఇట్లు అనేక పర్యాయములు జరిగినదనియు తరువాతి వారు తేల్చిరి. నేటి లెక్క ప్రకారము ఇది సుమారు 6 కోట్ల 60 లక్షల సంవత్సరముల క్రిందటి మాట. ఆదికాండము చెప్పు జలప్రవాహమైతే రెండవ నెల పదునేడవ దినమున ఆరంభమై మరుసటి యేటి రెండవ నెల ఇరువది యేడవ దినమునకు ముగిసినది. ఒక్క యేటిలో లావా చల్లారుట, మడుగు నిండుట, నత్తలు పిల్లలు పెట్టుట, మరల లావా పారుట, ఇదంతయు ఇమడదు. హిస్లాపు పొరపాటును దిద్దినప్పుడు ఆ రాళ్ల సాక్ష్యము ఇంకను బలపడినది గాని తగ్గలేదు.

మన గోదావరి సీమవారు ఒక సంగతి వినవలెను. రాజమహేంద్రవరము ప్రక్కన కాతేరు వద్దను, నదికి ఆవలి ఒడ్డున పంగిడి వద్దను ఇదే నల్లరాయి మరల అగపడును. పంగిడి, గౌరీపట్నము క్వారీల కంకర మీద మీరు ఎన్నోసారులు నడచియుందురు. అక్కడి నల్లరాతి నడుమను సుద్దరాతి పొర గలదు, అందులోను గుల్లలు కలవు. వాటిని హిస్లాపు పరీక్షించి పేర్లు పెట్టి 1860లో ప్రకటించెను. ఆశ్చర్యమేమనగా, అవి నాగపూరు గుల్లల వంటివి మాత్రమే కావు. ఉప్పునీటను, నది సముద్రములో కలియు చోట్లను బ్రదుకు జాతులు వాటిలో ఉన్నవి. అనగా ఆ దినములలో సముద్రపు అంచు రాజమహేంద్రవరము దగ్గర ఉండెను, నాగపూరు సముద్రమునకు దూరముగా మెట్టయై యుండెను. నేటి కోనసీమకును నాగపూరునకును ఉన్న భేదము వంటిదే. నీరు ఒక చోట ఉప్పనిది, ఒక చోట తియ్యనిది, రెండును కలియలేదు. సముద్రమునకు గట్టు ఉండెను.

ఆయన కాలమందే మరియొక చోటు ప్రసిద్ధికెక్కెను. మన మంచిర్యాల జిల్లా అంచున పారు ప్రాణహిత ఒడ్డున, సిరొంచ దగ్గర, కోట అను గ్రామము కలదు. అక్కడి రాతిలో మెరయు పొలుసులు గల చేపలు దొరకినవి. ఆ పొరలోనే మన కాలమున యామన్‌పల్లి వద్ద బ్రహ్మాండమైన బల్లి జాతి జంతువు ఎముకలు దొరికినవి. కోట పేరిట దానికి కోటసారస్ అని 1988లో పేరు పెట్టి, హైదరాబాదు బిర్లా సైన్సు మ్యూజియములో నిలువబెట్టియున్నారు. పిల్లలను చూడబోయినవారు దానిని కూడ చూచిరండి. అది ఓడలో ఎక్కక మునిగిపోయిన జంతువని ఎవరైన చెప్పినయెడల నమ్మవద్దు. నల్లరాతి లావా పారుటకు పది కోట్ల యేండ్లకు పైగా ముందే అది చచ్చి పూడినది.

ఒక మిషనెరీ ఇట్లు వ్రాయగా ఆయన సంఘము ఊరకున్నదా యని మీరడుగుదురు. ఆ సంఘమునకు ఈ మాట క్రొత్తది కాదు. ఇంగ్లండులో బక్లండు అను పండితుడు, ఆయనయు బోధకుడే, ఒక గుహలో దొరికిన దుమ్ములగొండ్ల ఎముకలను చూచి 1823లో జలప్రవాహమునకు సాక్ష్యమని పెద్ద గ్రంథము వ్రాసెను. లోకము మెచ్చుకొనెను. తరువాత సాక్ష్యములు ఎదురు తిరుగగా 1836 నాటికి ఆయనే ఆ మాట వెనుకకు తీసికొనెను. సెడ్జివిక్ అను మరియొక బోధక పండితుడు 1831లోనే, తాను ప్రకటించిన దానిని తప్పని భూగర్భశాస్త్ర సంఘ సభలో ఒప్పుకొనెను. తప్పును నలుగురి యెదుట ఒప్పుకొనుట పండితులకు ఎంత కష్టమో! స్కాట్లండు బోధకుడైన ఫ్లెమింగు అంతకు ముందే, 1826లో, నోవహు జలప్రవాహము మెల్లగా వచ్చి మెల్లగా తీసినదనియు, రాళ్లలో దాని గుర్తులు వెదకుట వ్యర్థమనియు వాదించియుండెను. స్వతంత్ర సంఘపు బోధకుడు జాన్ పై స్మిత్తు జలప్రవాహము మనుష్యులు నివసించిన ఒక ప్రాంతమునకు కలిగినదని 1839లో చెప్పెను. ఫ్రీ చర్చి నాయకుడైన చాల్మర్సు భూమి వయస్సు ఎంత గొప్పదైనను ఆదికాండము మొదటి వచనమునకు భంగము లేదని మొదటినుండి బోధించినవాడు. ఆ సంఘ పత్రికకు సంపాదకుడైన హ్యూ మిల్లరు, చిన్ననాడు రాళ్లు కొట్టి బ్రదికినవాడు, జలప్రవాహము ఒక ప్రాంతమునకే కలిగినదని వాదించిన గ్రంథము 1857లో వెలువడెను. వీరెవరును బైబిలును వదలినవారు కారు.

ఇప్పుడు వాక్యమును చూతము. కొండలన్నియు మునిగెననియు, నీరు వాటికి పైగా పదునైదు మూరలు లేచెననియు ఏడవ అధ్యాయము చెప్పుచున్నది. ఇంత స్పష్టముగా ఉండగా ఒక ప్రాంతమని ఎట్లు అందుమని కూటపు పెద్ద అడిగినాడు. అడుగదగినదే. అయితే భూమి యని మనము చదువు ఆ హెబ్రీ మాటయే అబ్రాహాము విడిచి వచ్చిన దేశమునకును వాడబడినది. యోసేపు నాటి కరవు భూమియంతటను ఉండెనని చెప్పునప్పుడును అదే మాట. ఆ కరవు మన కృష్ణాతీరమున కలిగెనని ఎవరును అనరు. లూకా సువార్త రెండవ అధ్యాయమున ఔగుస్తు చేయించిన జనసంఖ్య లోకమంతటికి అని యున్నది. ఆ లెక్కలో మన పల్లెలు లేవు. ఇంకను దగ్గరగా చూడుడి. ఎనిమిదవ అధ్యాయము అయిదవ వచనమున కొండల శిఖరములు కనబడినవి. తొమ్మిదవ వచనమున భూమియంతటి మీద నీళ్లున్నందున పావురమునకు కాలు మోప చోటు దొరకలేదు. శిఖరములు బయటపడియున్నను భూమియంతటి మీద నీళ్లని చెప్పుట, ఓడలోనున్నవాడు చూచినట్లు చెప్పుట గాక మరేమి? నాకు ఈ రెండు వచనములే చాలును.

మన హైదరాబాదువారికి ఈ మాట వివరింప నక్కరలేదు. 1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీ నది పొంగి నగరమును ముంచివేసెను. వేలకొలది జనులు చచ్చిరి. అఫ్జల్‌గంజి ప్రక్క, నేటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోనున్న చింతచెట్టు ఎక్కి 150 మంది బ్రదికిరని చెప్పుదురు. ఆ చెట్టు కొమ్మను పట్టుకొని రాత్రి గడిపిన తల్లి, లోకమంతయు నీరైపోయెనని చెప్పినయెడల అది అబద్ధమా? ఆమె అబద్ధమాడలేదు. ఆమెను తిరస్కరించి, అదే సమయమున వరంగల్లులో నేల పొడిగా నున్నదని చెప్పువాడు ఆమె మాటను వినలేదన్నమాట. ఆ వరద పోయిన తరువాత మరల రాకుండుటకే 1920లో గండిపేట ఆనకట్టయు, 1927లో హిమాయత్ సాగరును పూర్తియైనవి. గచ్చిబౌలి మేడల కిటికీలలో నుండి దూరమున మెరయు నీరు అదే.

ఇంతవరకు నావైపు బలము చెప్పితిని. అవతలివారి బలమును దాచుట న్యాయము కాదు. ఒక ప్రాంతమే మునుగవలసియున్నచో నోవహు కుటుంబముతో నడచి వేరొక దేశమునకు పోవచ్చును గదా, మూడువందల మూరల ఓడ యెందుకు? అంతకంటె గట్టిది ధనుస్సు సంగతి. ఇకమీదట జలప్రవాహము రాదని దేవుడు వాగ్దానము చేసి మేఘములో ధనుస్సు ఉంచెను. అది ప్రాంతపు వరదయే యైనచో అట్టి వరదలు తరువాత ఎన్ని రాలేదు? మూసీ వచ్చెను. 1977 నవంబరులో దివిసీమ మీదికి సముద్రమే వచ్చెను. అప్పుడు వాగ్దానము ఏమాయెను? దివిసీమ సంఘములవారు ఈ ప్రశ్నను పుస్తకములో చదువలేదు, పిల్లల శవముల నడుమ నిలిచి అడిగిరి.

మొదటి దానికి, ఓడ కేవలము తప్పించుకొను ఉపాయము కాదనియు, అది కట్టినన్ని దినములు చుట్టుప్రక్కలవారు చూచి మారుటకు సమయమనియు మన పెద్దలు చెప్పిన జవాబు నాకు తృప్తిగానే యున్నది. రెండవదానికి, ఆ వాగ్దానము నీటి కొలతను గూర్చినది కాదనియు, మనుష్యజాతి చెడుతనమునకు తీర్పుగా దానిని మరల జలముతో తుడిచివేయననుటయే దాని భావమనియు నేను తలంచుచున్నాను. దివిసీమ ఉప్పెనను అక్కడివారి పాపమునకు తీర్పని చెప్పిన బోధకులు కొందరు అప్పుడు ఉండిరి. ఆదికాండము తొమ్మిదవ అధ్యాయమును వారు మరల చదివియుండిన బాగుండెడిది.

ఇంకొక మాట వినబడును. లోకములో అనేక జనులకు జలప్రళయ కథలు కలవు, గనుక అది లోకమంతటికి కలిగినదే యని. మన ఇరుగుపొరుగు హిందువులకు మనువును మత్స్యమును గల కథ యున్నది. తూర్పు దేశపు మట్టిపలకలలో పడవ కట్టినవాడు పక్షులను విడిచిన కథ యున్నదని 1872లో లండనులో జార్జి స్మిత్తు అను పండితుడు ప్రకటించెను. ఈ రెండవది నోవహు చరిత్రకు చాల దగ్గర. అది యూఫ్రటీసు తీరపు దేశమే గనుక ఆశ్చర్యము లేదు. మిగిలిన కథలలో ప్రతి జనము తన నదిని గూర్చియే చెప్పుకొనును. వరద చూడని నదీతీరము లేదు.

హిస్లాపు అట్టి కథ నొకటి వ్రాసికొనెను. నాగపూరు చుట్టును, మన ఆదిలాబాదు అడవులలోను నివసించు గోండుల భాషను ఆయన శ్రద్ధగా నేర్చుకొని, వారి మాటల పట్టికలు కూర్చి, ప్రధానులు పాడు లింగో పాటను విని వ్రాసి పెట్టుకొనెను. ఆ జనులను హీనముగా చూచు దినములలో వారి పాట వ్రాసికొనదగినదని తలంచినవారు తక్కువ. హంటరు ఆరోగ్యము చెడి 1855లో వెళ్లిపోయెను. హిస్లాపు కొంతకాలము స్వదేశమునకు వెళ్లి, మరల వచ్చి అదే పనిలో పడెను.

1863 సెప్టెంబరు నెలలో, మధ్యరాష్ట్రములకు ప్రధాన కమీషనరైన రిచర్డు టెంపుల్ దొర నాగపూరునకు దక్షిణమున టాకల్‌ఘాట్ వద్దనున్న రాతి వలయములను చూడగోరి హిస్లాపును పిలిచెను. మన జనులు రాక్షస గుళ్లనునవి అట్టివే. గచ్చిబౌలి విశ్వవిద్యాలయపు ఆవరణలోను ఆ కాలపు సమాధులను త్రవ్వి చూచియున్నారు. 4వ తేదీన వారు కలిసి ఆ చోటు పరీక్షించిరి. తరువాత టెంపుల్ బోరీ గ్రామమందలి డేరాకు తిరిగిపోయెను. ఆ యూరిలో మిషను బడి యొకటి ఉండెను. పిల్లలను పరీక్షించి వచ్చెదనని హిస్లాపు వెనుక నిలిచెను.

చీకటిపడు వేళ ఆయన గుఱ్ఱమెక్కి ఒంటరిగా బయలుదేరెను. దారిలో వాగు యొకటి. వానకు అది పొంగియుండెను. దాని పేరు దేశపటములలో వెదకినను దొరకదేమో, అంత చిన్న వాగు. గుఱ్ఱము మాత్రము డేరాకు చేరెను, పైన మనిషి లేడు. దానిని చూచి టెంపుల్ దొర మనుష్యులను పంపి వెదకించగా నీటిలో ఆయన దేహము దొరికెను. మరి నాలుగు దినములు బ్రదికియుండినయెడల ఆయనకు నలువది యారు సంవత్సరములు నిండెడివి.

హిస్లాపు విడిచిపోయిన కాగితములను టెంపుల్ కూర్చి 1866లో అచ్చువేయించెను. గోండుల పాట అందులోనే యున్నది. ఆ పాటలో జనులందరు నది దాటిపోగా నలుగురు గోండులు వెనుకబడుదురు. నది పొంగి వారు ఒడ్డున నిలిచి యేడ్చుచుండగా ఒక మొసలియు, ఒక తాబేలును వచ్చి దాటించెదమని చెప్పును. మొసలి నడి నీటిలో మోసము చేసి మునుగును. తాబేలు మెడ చాచి ఆ నలుగురిని తన వీపు మీదికి ఎక్కించుకొని ఆవలి ఒడ్డు చేర్చును.